పేరు చెప్పి ఇచ్చిన చందా

"తప్పు చేశాను సార్. రాసుకోండి."

విచారణాధికారి కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. ఎదురుగా రంగుల కొట్టు యజమాని. గోళ్ల సందుల్లో ఇంకా నీలం రంగు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

నగర ఎన్నికల చందాల మీద నిఘా పెట్టే ఆఫీసు అది. పక్కవాడి తప్పు చెప్పడానికి పరిగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ. తన తప్పు తానే మోసుకొచ్చినవాణ్ణి అధికారి ఇంతవరకు చూడలేదు.

"ఏం తప్పు?"

"ఎన్నికలప్పుడు ఇస్త్రీ అక్కకి చందా ఇచ్చాను."

"ఆ వీధి వీధంతా ఇచ్చింది. అది తప్పెలా అవుతుంది?"

"నా వాటా అయిపోయాక, నా కొట్లో పనిచేసే నలుగురి చేత మళ్లీ ఇప్పించాను. వాళ్ల డబ్బు కాదది."

అధికారి కలం మూత తీశాడు. ఒక మనిషి చట్టం పెట్టిన హద్దు దాటి చందా ఇవ్వకూడదు. ఇంకొకరి పేరు చాటున ఇవ్వడమైతే నేరమే.

"ఆవిడకి తెలుసా?"

"దేవుడి మీద ఒట్టు, తెలీదు."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లని చూశానయ్యా. ఎవరూ అడక్కుండానే గుమ్మడికాయ నెత్తిన పెట్టుకొచ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నా."

రంగుల కొట్టాయన నవ్వలేదు.

ఇస్త్రీ అక్క వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసేది. నగర సభకి గెలిచాక కూడా చేస్తోంది. ఎన్నికల్లో ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. చందా ఇచ్చేవాళ్లు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి, అందరూ వినేలా పేరు చెప్పి ఇవ్వాలి. మూటలు మోసుకొచ్చేవాళ్లు పేరు చెప్పరు, పేరు చెప్పేవాళ్ల దగ్గర మూటలుండవు. అదీ ఆమె నమ్మకం. రంగుల కొట్టు నలుగురూ అలాగే నిలబడి, గట్టిగా పేర్లు చెప్పి ఇచ్చారు. నలుగురికీ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

ఇప్పుడా వీధి మీదే కన్ను పడింది. కొట్లన్నీ కూల్చి, అంతస్తుల మీద అంతస్తులు లేపి కార్లు పెట్టుకుంటామని పార్కింగ్ కంపెనీ వచ్చింది. నగర సభలో ఇటు సగం, అటు సగం. మొగ్గు తేల్చేది ఇస్త్రీ అక్క ఓటు. కంపెనీ తరఫున పైరవీలు చేసే కోటాయన, జేబులో నోట్ల కవరు పెట్టి మరీ కోటు ఇస్త్రీకి పంపాడు. ఆమె కోటుతో పాటు కవరునీ ఇస్త్రీ చేసి, మడత నలక్కుండా వెనక్కి పంపింది. ఊరంతా పడీ పడీ నవ్వింది.

ఓటింగ్ రేపే.

"నీ కొట్టూ ఆ వీధిలోనేగా?" అన్నాడు అధికారి.

"అవును సార్."

"నువ్వు సంతకం పెట్టగానే, విచారణ తేలేవరకు ఆవిడ ఓటు వెయ్యకూడదు. ఆ ఓటు లేకపోతే వీధి ఉండదు. రెండ్రోజులాగి రావాల్సింది కదయ్యా!"

"ఆగలేకపోయాను సార్. తిండి సహించడం లేదు."

సంతకం పెట్టాడు. కాగితం మీద నీలం వేలిముద్ర పడింది.

కబురందుకుని ఇస్త్రీ అక్క వచ్చింది. చీర కొంగు నుంచి బొగ్గుల వాసన. నిలబడే అంతా విన్నది.

"నాకు తెలీదు కదా బాబూ. తెలియకపోయినా తప్పేనా?"

"తప్పో కాదో విచారణలో తేలుతుందమ్మా."

"రేపటికి తేలదా?"

"తేలదు."

చట్టం అంతే. ఏనుగు నడిచొస్తే గేటు తీస్తుంది, చీమ వస్తే కాళ్లు కడుక్కున్నావా అని అడుగుతుంది.

ఆమె రంగుల కొట్టాయన వైపు తిరిగింది.

"కోట్లు వేసుకున్నవాళ్ల వల్ల కాలేదు తమ్ముడూ. నీ అభిమానం వల్ల అయింది. నామీద ప్రేమ ఎక్కువై ఇచ్చావు. అంతేగా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అంతేగా తమ్ముడూ?"

"నన్ను కొట్టు అక్కా."

"కొడితే ఇస్త్రీ పెట్టెతోనే కొట్టాలి. ఇప్పుడు కాలిపోతోంది, చల్లారనీ." నవ్వబోయింది. నవ్వు రాలేదు. జాకెట్‌కి గుచ్చుకున్న సభ్యురాలి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. "నాకంటే నయం నువ్వు. నీ కొట్టు పోతుందని తెలిసీ నిజం చెప్పావు. అంత గుండె నాకుండేదో లేదో!"

అతను గోడ వైపు తిరిగాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఏడవకు. ముందు కొట్టుకెళ్లి సామాను సర్దుకో. గోడ కూలిందంటే డబ్బాలన్నీ పగిలిపోతాయి. మా ఆయన్ని తోడు పంపుతా. బండి కూడా తీసుకొస్తాడు."

"వద్దక్కా."

"ఏంట్రా వద్దు? అందరిలోకీ ముందు మునిగేది నువ్వేగా!"

అధికారి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నీలాంటివాళ్లు పదిమంది ఉంటే ఈ ఆఫీసే అక్కర్లేదయ్యా," అన్నాడు.

రంగుల కొట్టాయన ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగాడు. ఎండలో తల వంచుకుని వీధి చివరిదాకా నడిచాడు.

మలుపు తిరిగాక, ఆగి ఉన్న కారెక్కి, కోటాయన పక్కన కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ అడిగాడు: "ఎన్నికలప్పుడు మీ కంపెనీ ఇచ్చిన డబ్బు ఆవిడకి అంటగట్టాను, ఇవాళ మీరు చెప్పినట్టే ఒప్పేసుకున్నాను, నా ఒక్క కొట్టూ వదిలేస్తారు కదా సార్?"