వణికే అద్దం

"ఇంక వణకదు సార్, చూస్కోండి," అంటూ మెకానిక్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

ఈ దిక్కుమాలిన అద్దంతో వారం రోజులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కారు నడుపుతున్నాను. వెనక ఒక్క లారీ వస్తే రెండు కనిపించేవి. గుండె గుభేలుమని ఇంకా వేగంగా పోనిచ్చేవాణ్ణి. స్కూల్లో దింపడానికి తీసుకెళ్లే మా అమ్మాయి మొహం కూడా అందులో వణుకుతూనే ఉండేది.

ఇంజిన్ ఆన్ చేసి అద్దంలోకి చూశాను. షెడ్డు గేటు కదల్లేదు. గేటు పక్కన కరెంటు స్తంభమూ కదల్లేదు.

వెనక సీట్లో, బెల్టును రెండు చేతులా పట్టుకుని, అమ్మాయి మాత్రం వణుకుతోంది.

"చలేస్తోందా తల్లీ?"

"లేదు నాన్నా. నువ్వు బండి స్టార్ట్ చేస్తే నాకు రోజూ ఇంతే."