దారి లేని చోటికి

"ఇంకొక్కసారి లెక్క చూడమ్మా," అన్నారు ప్రొఫెసరు గారు.

పరిశోధక విద్యార్థిని తలెత్తి ఆయన వంక చూసింది. చూసిన లెక్కనే మళ్ళీ మళ్ళీ చూడమంటున్నారు. మందుల గోడౌన్లో ఓ మూల, అట్టపెట్టెల మధ్య ఇరికించిన బల్ల మీద ఆమె కంప్యూటరు ఉంది. గుమ్మం దగ్గర ఇంజను ఆపకుండా వ్యాను డ్రైవరు కాచుకుని కూర్చున్నాడు. బయట వాన ఎడతెరిపి లేకుండా కొడుతోంది.

పాము విషానికి విరుగుడు మందు ఒక్కరికి సరిపడా మాత్రమే మిగిలింది. కొత్త సరుకుతో రావలసిన లారీ వరదల్లో ఎక్కడో చిక్కుకుపోయింది. సరిగ్గా ఇప్పుడే రెండు ఆసుపత్రులు ఆ మందు కావాలన్నాయి. కొండ మీది ఆసుపత్రిలో ఒక చిన్న పాప. ఏటి అవతలి ఆసుపత్రిలో ఒక ముసలావిడ.

సరుకు తక్కువై, అడిగేవాళ్ళు ఎక్కువైనప్పుడు ముందు ఎవరికి చేర్చాలి? యూనివర్సిటీలో, సరుకుల సరఫరా గురించి చదివే సప్లై చెయిన్ విభాగంలో ఆమె పరిశోధనంతా దాని మీదే. అందుకోసం ఆమె తయారుచేసిన లెక్కల పద్ధతిని ఈ వానాకాలం నిజంగా అమలు చేసి చూస్తున్నారు. తెర మీద రోగి వయసు, పరిస్థితి కనిపిస్తాయి. పేరు కనపడదు. "పేరు తెలిస్తే చెయ్యి వణుకుతుందమ్మా," అని దాన్ని తీయించింది ప్రొఫెసరు గారే. పంపమనే చివరి మాట కూడా ఆయనదే.

"మార్పేం లేదు సార్. కొండ మీదికే," అంది ఆమె. "వాళ్ళకి మనం పంపకపోతే ఇంకెవరూ పంపలేరు. ఏటి అవతలివాళ్ళకి పక్క ఊరి పెద్దాసుపత్రి నుంచి తెప్పించుకునే దారుంది."

"ఆ దారి మీద నీకెంత నమ్మకం?"

"చుట్టు తిరిగి రావాలి. ఆలస్యమవుతుంది. కానీ చాలావరకు అందుతుంది సార్."

"చాలావరకు..." అని ఆయన ఆ ఒక్క మాటా పట్టుకుని నిలబడిపోయారు.

స్టోరు కీపరు ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "ఇందాక వరండాలోకెళ్ళి ఫోను మాట్లాడొచ్చారు చూడు, అప్పట్నుంచీ ఇదే వరస. ఎవరో పైవాళ్ళు చెవిలో వేసుంటారమ్మా. ఏటి అవతలంతా పలుకుబడి ఉన్నవాళ్ళేగా."

ఆమెకు ఒళ్ళు మండింది. లేచి నిలబడింది.

"సార్, ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఇందాకటి ఫోను ఈ మందు కోసమేనా?"

"అవునమ్మా." ఆయన దాచలేదు.

"ఏటి అవతలికి పంపమనేనా?"

"బతిమాలారు."

"మీరేమన్నారు?"

"చూస్తానన్నాను."

"ఏం చూస్తారు సార్?" ఆమె ఒక అడుగు ముందుకేసింది. "ఫోను చేయగలిగినవాళ్ళకే మందు దొరుకుతోందని కదా, మీరూ నేనూ ఇన్నాళ్ళూ రెక్కలు ముక్కలు చేసుకున్నాం? ఆ పాప కోసం మీకు ఫోను చేసేవాళ్ళెవరున్నారు?"

డ్రైవరు ఇటు తిరిగి చూశాడు. స్టోరు కీపరు నేల చూపులు చూశాడు.

ప్రొఫెసరు గారు మందున్న ఐసు పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించారు.

"ఎవరూ లేరు. నిజమే," అన్నారు.

పెట్టె తనే ఎత్తుకున్నారు. గొడుగైనా లేకుండా వానలోకి నడిచి, వ్యాన్లో డ్రైవరు పక్కన పెట్టారు. "కొండ మీదికి. జాగ్రత్తగా వెళ్ళు బాబూ. కానీ ఎక్కడా ఆగకు."

తడిసిన చొక్కాతోనే తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఇంటికి వెళ్ళమని స్టోరు కీపరు ఎంత చెప్పినా కదల్లేదు. మధ్యలో ఒక్కటే అడిగారు.

"పక్క ఊరి నుంచి బండి బయల్దేరిందా?"

"బయల్దేరిందట సార్," అంది ఆమె. కోపంలో నోరు జారానని అప్పటికే మథనపడుతోంది.

పొద్దు వాలుతుండగా కొండ మీద నుంచి కబురొచ్చింది. మందు వేళకి అందింది. పాప కళ్ళు తెరిచింది. స్టోరు కీపరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆమెకి ఏడుపూ నవ్వూ కలగలిసి వచ్చాయి.

"బతికింది సార్! పాప బతికింది!"

"ఏమైనా మాట్లాడిందా?"

"'అమ్మా' అందట సార్."

ఆయన మెల్లగా తలాడించారు.

ఆ సంతోషం తీరకముందే మళ్ళీ ఫోను మోగింది. ఈసారి ఏటి అవతలి ఆసుపత్రి. ఆమె వింటూ వింటూ కుర్చీ అంచు పట్టుకుంది. ఫోను పెట్టేసి, ఆయన మొహంలోకి చూడలేకపోయింది.

"రోడ్డు కొట్టుకుపోయి బండి దారిలోనే ఆగిపోయిందట సార్. ముసలావిడ... పోయారు."

స్టోరు కీపరు మెల్లగా ఒక అట్టపెట్టె మీద కూర్చున్నాడు. రేకుల మీద వాన ఇంకా కొడుతూనే ఉంది.

"నా లెక్క తప్పా సార్?"

"తప్పు కాదమ్మా. లెక్క సరైందే. రేపు ఎవరు నిలదీసినా ఈ మాటే చెప్పు. నేనూ చెబుతాను."

ఆమె చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. "ఆవిడ దగ్గర కూతురొక్కతే ఉందట సార్. ఏడుస్తూ కూలబడిపోయిందట, నోట మాట రావట్లేదట. కొడుకు మాత్రం ఏటికి ఇవతలే ఉంటారట. మీ వైపే కదా, ఆయనకి మీరే చెప్పండంటోంది నర్సు. నంబరు పంపిస్తుందట. ఎలా చెప్పను సార్ ఆయనకి?"

"చెప్పేశావుగా తల్లీ," అన్నారు ప్రొఫెసరు గారు.