పైడితల్లి కూతురి ట్యాంకులు

"ఒసే ఝాన్సీ! మీ కంపెనీ ట్యాంకు కారిపోతందే! వచ్చి సూడు!"

చోడవరంలో పక్కింటి అచ్చియ్యమ్మ ప్రహరీ గోడ మీంచి కేకేసింది. సెలవైపోయి, తిరుగు బస్సుకని బ్యాగు సర్దుకుంటున్న ఝాన్సీ చేతిలో బట్టలు అక్కడే పడేసింది.

"ఎల్లు మరి. నువ్వు సేసిందే కదా!" అంది తల్లి పైడితల్లి, మహా గర్వంగా.

ఝాన్సీ ఇంజినీరుగా పనిచేసేది మందార గ్రూపులో. ఊరంతా రుద్దుకునే మందార సబ్బు వాళ్ళదే. ఫ్యాన్లు వాళ్ళవే, చెరుకు ఆడే రోలర్లు వాళ్ళవే, డాబాల మీద నల్లటి నీళ్ళ ట్యాంకులూ వాళ్ళవే. సబ్బులమ్మేవాడికి సైన్యంతో పనేమిటని అడక్కండి. ఈ కాలంలో పెద్ద కంపెనీ చెయ్యి పెట్టని చోటుందా? ఝాన్సీ అతుకులు పరీక్షించేది యుద్ధ ట్యాంకులకి.

ఉద్యోగం వచ్చిన రోజు "ట్యాంకులు చేస్తామమ్మా" అని నిజమే చెప్పింది. "నీళ్ళ ట్యాంకులా? సల్లని పనే తల్లీ!" అని పైడితల్లి మురిసిపోయింది. ఝాన్సీ దిద్దలేదు. ఎలా దిద్దుతుంది? అన్న బాలు సైన్యంలో ఉండగా, ఎక్కిన బండి కింద మందుపాతర పేలడంతో చనిపోయాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో యుద్ధం మాటెత్తితే పైడితల్లి అన్నం ముట్టదు. నిజం తెలిస్తే ఉద్యోగం మానిపించేస్తుంది. ఝాన్సీకేమో ఆ పనంటే ప్రాణం.

అచ్చియ్యమ్మ డాబా ఎక్కింది ఝాన్సీ. వెనకే మేనమామ పరదేశి వచ్చాడు. అసలు సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

"ఎన్నాళ్ళు దాత్తావే? పోనీ, అక్కకి నాను సెప్పీనా?" అన్నాడు గొంతు తగ్గించి.

"వద్దు మావయ్యా, నీకు దండవెడతాను! అమ్మ తట్టుకోలేదు."

"ఏటర్రా ఆ గుసగుసలు? బాగైనాదా, లేదా?" కిందనుంచి పైడితల్లి.

ట్యాంకు నిక్షేపంగా ఉంది. పైపు బిగింపే వదులైంది. పరదేశి పానా పెట్టి బిగించాడు. పేరు మాత్రం ఝాన్సీకి దక్కింది.

"సూసేవా అచ్చియ్యమ్మా! మా గుంట సెయ్యి పడితే సుక్క కారదు!" పైడితల్లి వీధంతా వినపడేలా అంది. ఝాన్సీకి సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కన్నతల్లిని ఇలా మోసం చెయ్యడమేమిటని తనను తానే తిట్టుకుంది.

బస్టాండులో బస్సు బయల్దేరబోతోంది. పైడితల్లి కిటికీ దగ్గరకొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది. ఝాన్సీ ఇక ఆగలేకపోయింది.

"అమ్మా, నీకో మాట సెప్పాలి. మా ట్యాంకులు..."

"నువ్వుండు. ముందు నా మాట ఇను."

డ్రైవరు హారన్ కొట్టాడు. పైడితల్లి చెయ్యి వదల్లేదు.

"అడుగు రేకు మందంగా ఎయ్యమ్మా, లోపల కూసునే కుర్ర గుంటలకి అమ్మలుంటారు."