మంచులో తెడ్డు

ఇంటర్ పాసైన పిల్లలందరూ చెవిలో ఉండి అన్నీ చెప్పే 'గురువు' యంత్రాన్ని తీసి ఇంట్లో పెట్టి, ఒక ఏడాది కొత్త ఊళ్ళో బతకాలన్నది ఆ రోజుల్లో చట్టం. పుట్టినప్పటి నుంచీ ఆ యంత్రం చెప్పినట్టే నడిచిన మేదినికి ఈ విరామ సంవత్సరం శిక్షలా తోచింది. ఆమెను కోరంగి మడ అడవుల్లో పీతలు పట్టే పోలమ్మ ఇంటికి పంపారు.

ఒక ఉదయం ఇద్దరూ వేటకు వెళ్ళినప్పుడు దట్టంగా మంచు కమ్మేసింది. అంతలో పోలమ్మ గుండె పట్టుకుని పడవలోనే ఒరిగిపోయింది.

"ఇప్పుడెటు వెళ్ళాలి?" అని మేదిని అలవాటుగా అడిగింది. చెవి తడుముకుంది, అక్కడ గురువు లేదు. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే, పోలమ్మ రోజూ చెప్పే మాట తలుచుకుంది. నీరు తీసే వేళ, అంటే ఆటు సమయంలో, కాలువలన్నీ సముద్రానికే పోతాయి, ఊరు ఆ ప్రవాహానికి ఎదురు దిక్కున ఉంటుంది. పొద్దున్నే నీరు తీస్తోందని పోలమ్మే అంది కదా! మేదిని చేతికందిన మడ కొమ్మను పట్టుకుని పడవను ఆపి, ఒక ఆకు తుంచి నీళ్ళలో వేసింది. అది కొట్టుకుపోయిన దిక్కుకు ఎదురుగా తెడ్డు వేసింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. చివరికి రేవులో మనుషుల గొంతులు వినిపించాయి.

మర్నాడు ఆస్పత్రిలో పోలమ్మ కళ్ళు తెరిచింది.

"పేణం నిలబెట్టేవే తల్లీ! అంత మంచులో దారెవరు సెప్పేరే నీకు?"

"నువ్వే చెప్పావత్తా. ఇన్నాళ్ళూ నాకు తెలియకుండానే నేర్పేశావు."

మేదిని ఆ కాయలుకాసిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది.