గట్టు దాటి వచ్చిన పువ్వు

"కక్కవే! కక్కు!" మెంగా ఆవు దవడ పట్టుకుని నోట్లోకి వేళ్ళు పోనిచ్చింది. బ్రూనా తాపీగా గుటక వేసింది.

తాడు కట్టిన చదరంలో ఒక్క ఆకు మిగిలింది. తెల్లవారుతూనే నాటిన పసుపు పువ్వు ఆవు పొట్టలో చేరింది. సరిగ్గా అప్పుడే దిగువ మలుపులో ప్రొఫెసర్ ప్లాసి టోపీ కనబడింది. ఆ చదరంలో మొక్కలు లెక్కపెట్టడానికి ఏటా జూన్ ఆఖరున కొండెక్కి వస్తాడాయన. డెబ్బై దాటినా మానలేదు.

"ఏం మెంగా, దాని పళ్ళు చూస్తున్నావు? సంబంధం ఏదైనా వచ్చిందా?"

"గడ్డి మేసిందండీ. ఉత్త గడ్డే."

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో చదరమంతా వెతికాడు. నడుం పట్టుకుని లేచాడు.

"ఈ ఏడు కొత్తదేమీ లేదు. పోనీలే. నా పుస్తకం కూడా వచ్చే వారం అచ్చుకి పోతోంది. ఈ కొండ మీద మొలిచేవన్నీ ఎక్కించేశాను. నలభై ఏళ్ళ చాకిరీ!"

మెంగా ఆవుని వదిలేసి ఆయన వైపు తిరిగింది. అన్నీ అంటే, అవి కూడానా? తెలిసినవాళ్ళు చదివితే నవ్విపోరూ? నిజం చెబితే ఈయన మళ్ళీ తన గడప తొక్కడు. చెప్పకపోతే ఈ వయసులో పెద్దమనిషి పరువు గంగలో కలుస్తుంది. ఆమె కళ్ళు మూసుకుని చెప్పేసింది.

"ఆ పది పువ్వులూ పుస్తకంలోంచి తీసేయండి."

"ఏ పది?"

"ఏటా కొత్తది కనబడిందని సంబరపడేవారే, అవి. ఈ గ్రానైటు కొండవి కావు. అవతలి సున్నపురాయి గట్టు మీంచి పెరుక్కొచ్చి నేనే నాటాను."

"ఎందుకని?"

"పదేళ్ళ కిందట మీరు టేపు చుట్టేస్తూ, ఇక్కడ కొత్తదేం లేదు, మళ్ళీ రానక్కర్లేదు అన్నారు. ఆ రాత్రి మీరు ఇక్కడే ఆగితే, తెల్లారి దిగిపోయేలోగా ఒకటి నాటేశాను." మెంగా నడుముకి కట్టుకున్న గుడ్డతో ముఖం తుడుచుకుంది. "వేసవంతా ఈ కొండ మీద ఆవులతోనే నా మాటలు. మీరొచ్చే ఆ ఒక్కరోజు..."

ప్రొఫెసర్ సంచిలోంచి పాత వార్తాపత్రికల కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"అవి పుస్తకంలో ఎక్కించలేదు. నా దగ్గరే ఉంచుకున్నాను."

మెంగా విప్పింది. మడత మడతకీ ఎండిన పువ్వొకటి, పక్కన చిన్న చీటీ. పుట్టిన చోటు: సున్నపురాయి గట్టు. పెరిగిన నేల: గ్రానైటు, కాఫీ పిప్పి.

మెంగా సిగ్గుతో చచ్చిపోయింది. బలంగా ఉంటుందని ప్రతి మొక్క మొదట్లోనూ కాఫీ పిప్పి వేసింది తనే.

ఆఖరి మడతలో పువ్వు లేదు. ఇంటి దగ్గరే రాసి తెచ్చుకున్న చీటీ ఒక్కటే ఉంది. దాని మీద ఇవాళ్టి తేదీ.

"తెచ్చినవారు: మెంగా. నేను చూడవచ్చింది: మెంగానే."