తలుపు తీయని వీబెకె

"మొయెన్స్, ఆ తలుపు మూసెయ్."

మొయెన్స్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది. మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద గుండ్రటి మొహం మనిషి ఒకడు వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. గడ్డం దాకా పేర్చుకున్న మూడు కేకు డబ్బాలు చేతుల్లో ఉన్నాయి. అలాంటి మనిషికి తలుపు పట్టుకోకపోతే ఏం బాగుంటుందని మొయెన్స్ అప్పటికే సగం తెరిచాడు. వీబెకె గబగబా వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"బేకరీ అతను పాపం," అని నసిగాడు మొయెన్స్. "మన ఆఫీసు లిస్‌బెట్ పేరుతో నిన్న మెయిలు వచ్చింది కదా, కేకులు తనవేనని."

మెయిలు వచ్చిన మాట నిజమే. డెన్మార్కు ఆఫీసుల్లో ఇదో సరదా శిక్ష. కంప్యూటరుకు తాళం వేయకుండా సీట్లోంచి లేచారా, పక్కవాళ్ళు దూరిపోయి మీ పేరు మీదే 'రేపు అందరికీ కేకు నాది' అని మెయిలు కొట్టేస్తారు. మర్నాడు కిక్కురుమనకుండా తేవాల్సిందే. నిన్న సాయంత్రం లిస్‌బెట్ పేరుతో అలాంటిదే వచ్చింది. పదకొండింటికి బేకరీ నుంచి మనిషి వస్తాడని కూడా అందులో ఉంది. అందరూ చదివి నవ్వుకున్నారు. వీబెకె మాత్రం లేచి లిస్‌బెట్ సీటు దాకా నడిచివెళ్ళి అడిగింది.

"లిస్‌బెట్ కంప్యూటరుకు తాళం వేసే లేచింది, ఏ కేకులూ చెప్పలేదు. ఆ మెయిలు బయటి నుంచి ఎవరో ఆమె పేరు పెట్టి పంపింది," అంది వీబెకె. "నువ్వేం చేస్తావో చూద్దామనే నీకు చెప్పలేదు. చూశాను."

మొయెన్స్ మొహం ఎర్రబడింది. ఆ ఆఫీసు కంప్యూటర్ల భద్రత చూసేది వాళ్ళిద్దరే మరి. ఊరివాళ్ళ జబ్బులు, పిల్లల కేసులు, విడాకుల గొడవలు అన్నీ ఆ కంప్యూటర్లలోనే ఉన్నాయి. వాటిలోకి దూరగలడేమో చూడమని పైవాళ్ళు ఈ వారం బయటి మనిషిని ఒకణ్ణి పెట్టారు. ఏ రోజు వస్తాడో, ఏ వేషంలో వస్తాడో చెప్పలేదు. అతను దూరాడా, పనంతా కోపెన్‌హేగన్ కంపెనీ చేతిలోకి పోతుంది. వీబెకె, మొయెన్స్ ఇళ్ళకు పోతారు. ఇవాళ శుక్రవారం, గడువుకు ఆఖరి రోజు. ఫలితం తేల్చే మీటింగు పన్నెండింటికి.

వచ్చినతను కేకులు కరిగిపోతున్నాయన్నాడు, చేతులు లాగేస్తున్నాయన్నాడు. వీబెకె దగ్గర ఆ పప్పులేం ఉడకలేదు. ఏ బేకరీ అని అడిగింది. చెప్పాడు. ఆ బేకరీకి అక్కడికక్కడే ఫోను చేసింది. కేకులు అక్కడివేగానీ, కొన్నది ఎవరో దారిన పోయే మనిషట. బేకరీ వాళ్ళు ఎవరినీ పంపలేదట.

అతను డబ్బాలు మెట్టు మీద పెట్టి పెద్దగా నవ్వేశాడు. "పట్టేశారండీ. నా పేరు ఆస్గర్. ఆ పరీక్ష పెట్టేది నేనే." జేబులోంచి ఉత్తరం తీసి చూపించాడు.

ఉత్తరం మీదున్న నంబరుకు వీబెకె ఫోను చేయలేదు. తన దగ్గరున్న నంబరుతో పై అధికారి కిర్‌స్టెన్‌కు చేసింది. అవును, అతనే, మనిషి గుండ్రంగా ఉంటాడు అంది కిర్‌స్టెన్. వీబెకె ఫోను పెట్టేసి మొయెన్స్ వైపు చూసింది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇంత సంతోషం ఆమె ఎరగదు. పని నేర్చుకోవడమంటే ఇలా అని అతనికి అక్కడే నాలుగు మాటలు చెప్పింది.

"ఇలాంటి మనిషిని నేనింతవరకు చూడలేదు," అన్నాడు ఆస్గర్. "పన్నెండు ఆఫీసులు తిరిగాను. అన్నిచోట్లా కేకులతో లోపలికి పోయాను."

"ఆ ముక్క రాసివ్వండి."

వచ్చే వారం నివేదిక పంపిస్తానన్నాడతను. వీబెకె ఒప్పుకోలేదు. మీటింగు పన్నెండింటికైతే వచ్చే వారం నివేదిక ఏం చేసుకోవాలి అంది. అతను తల గోక్కున్నాడు, రూల్సు ఒప్పుకోవన్నాడు, ఇంకెవరికీ చెప్పొద్దన్నాడు. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి నిట్టూర్చి సంచీలోంచి టాబ్లెట్ తీశాడు. ఆమె చూస్తుండగానే రాశాడు: 'ప్రవేశించలేకపోయాను. అడ్డుకున్నది వీబెకె.'

"కింద మీరు ధ్రువీకరిస్తేనే ఇది ఇప్పుడు వెళ్తుంది. ఆఫీసు కంప్యూటర్లో మీరు వాడే పేరూ, పాస్‌వర్డూ ఇక్కడ కొడితే చాలు. కిర్‌స్టెన్‌కు చేరిపోతుంది."

టైము పదకొండూ ముప్ఫై ఎనిమిది. వీబెకె టాబ్లెట్ అందుకుని తెర మీది వాన చుక్కలు చేత్తో తుడిచింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు పక్కన ఎవరూ చూడకూడదు, అది ఈ ఆఫీసులో అందరికీ నేర్పింది తనే. అందుకని ఇద్దర్నీ అటు తిరగమంది. మొయెన్స్ తిరిగాడు. ఆస్గర్ కూడా బుద్ధిగా వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె కొట్టడం పూర్తిచేసి, గర్వంగా టాబ్లెట్ అతనికిచ్చింది. ఆస్గర్ తెర మీద రెండు మూడు చోట్ల నొక్కాడు. పాత వాక్యం చెరిపేసి కొత్తది రాసి, ఆమె చదవడానికి వీలుగా పట్టుకున్నాడు.

'పదకొండూ నలభై. వీబెకె పాస్‌వర్డుతో లోపలికి వచ్చాను. తలుపు తీయాల్సిన పని పడలేదు.'