పక్కింటావిడ

"గిన్నెల దగ్గర తిరుగుతోందే, ఆవిడెవరు?" అని అడిగింది ప్రిన్సిపాల్.

కొత్త టీచర్ అటు చూసింది. 

"మా పక్కింటావిడ మేడమ్," అంది.

మాట నోరు దాటాక గానీ తానేమన్నదో ఆమెకు తెలియలేదు. నవమాసాలూ మోసి కన్న తల్లిని నిలబడ్డపాటున పక్కింటికి పంపించేసింది.

స్కూలు హాల్లో ఆ మధ్యాహ్నం ఆరోగ్య సభ. పిల్లల తల్లిదండ్రులతో పాటు సిబ్బంది ఇళ్లవాళ్లూ రావాలని ప్రిన్సిపాల్ ఆర్డరు. ఏర్పాట్లన్నీ కొత్త టీచర్‌వే. ఆరు నెలలుగా ఆమెది టెంపరరీ ఉద్యోగం. సభ బాగా జరిగితే పర్మనెంటు చేస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చింది. ఆఖరి నిమిషంలో హడావుడి ఎందుకని టీచర్ నెల ముందే పల్లీల బస్తా కొని, నీళ్ల ట్యాంకు కింది గదిలో దాచింది. పొద్దున ఆయా దాన్ని విప్పి, పది బల్లల మీద పది గిన్నెల్లో పోసింది. సభ అయ్యాక తలా ఒక పొట్లం కట్టి పిల్లలకిచ్చి పంపాలి.

వేదిక మీద డైటీషియన్ వేరుశెనగ గొప్పతనం చెబుతోంది.

"రాత్రి నానబెట్టి పొద్దున్నే పిడికెడు నమిలితే చాలు. గుండెకు మంచిది. కండకు బలం. కడుపు నిండినట్టుంటుంది కాబట్టి పిల్లలు చిరుతిళ్ల జోలికి పోరు."

ఒక తండ్రి లేచాడు. "పిడికెడంటే నా పిడికిలా, మావాడి పిడికిలా అండీ?"

అందరూ నవ్వారు. డైటీషియన్ కూడా నవ్వింది. "ఎవరి పిడికిలి వాళ్లదే. ఇందులో పారేయాల్సిందంటూ ఏదీ లేదు!"

అమ్మ మాత్రం వినడం లేదు. బల్ల నుంచి బల్లకు తిరుగుతోంది. గిన్నె ముందు వంగి, గింజల్ని వేళ్లతో కదిపి, అనుమానం వచ్చినదాన్ని కిటికీ వెలుగుకు పెట్టి చూసి, కొన్ని వదిలేస్తోంది, కొన్ని రుమాల్లో వేసుకుంటోంది. బంగారం తూచేవాడికి కూడా అంత శ్రద్ధ ఉండదు.

టీచర్‌కు తల కొట్టేసినట్టయింది. ఇంటి దగ్గర లక్ష సార్లు చెప్పింది, వెనక వరసలో కూర్చో, నోరు విప్పకు, దేన్నీ ముట్టుకోకు అని. ఇందాక అమ్మ దగ్గరికొచ్చి "అమ్మాయ్, ఒక్క మాట" అంటే కూడా, "ఏదైనా ఇంటికెళ్లాకే" అని కసిరింది.

అమ్మ ముప్పై ఏళ్లు నూనె మిల్లులో పనిచేసింది. సాయంత్రం గేటు దగ్గర కావలివాడు ఆడవాళ్ల సంచులు బోర్లించి చూసేవాడు. స్కూలు నుంచి వస్తూ అది చూసిన తోటి పిల్లలు చిన్నప్పుడే టీచర్‌కు "పల్లీ" అని పేరు పెట్టారు. ఆ పేరు వదిలించుకోవడానికి ఆమె ఊరే మారాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్లీ అదే అమ్మ, అవే పల్లీలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని ఊరికే అన్నారా అనుకుంది. కన్నతల్లి గురించి అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది కూడా. కానీ ఎదురుగా ఆ రుమాలు ఉబ్బుతూ కనిపిస్తుంటే ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు.

"మీ పక్కింటావిడకు పల్లీలంటే ప్రాణంలా ఉంది," అంది ప్రిన్సిపాల్. పక్కనున్న టీచర్లు కిసుక్కున నవ్వారు.

టీచర్ గబగబా వెళ్లింది. "ఏమండీ," అంది, అమ్మ ముఖంలోకి చూడకుండా. "అవి పిల్లల కోసం. పెద్దవారై ఉండి ఇదేం పని? వెళ్లి కూర్చోండి."

హాల్లో సగం మంది తలలు తిప్పారు. అమ్మ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆ "ఏమండీ" తననేనని అర్థం కావడానికి ఆమెకు క్షణం పట్టింది. ప్రిన్సిపాల్ వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసింది.

"తప్పయింది టీచరమ్మా," అంది. "ఈ ఒక్క గిన్నే మిగిలింది. ఇది కాగానే కూర్చుంటాను."

ఈసారి నవ్వు హాలంతా పాకింది. నేల చీలితే అందులోకి దూరిపోదామనిపించింది టీచర్‌కు. అమ్మ మాత్రం పదో గిన్నె కూడా పూర్తి చేసి, రుమాలు మూటగట్టి, వెనక వరసలో కుర్చీ అంచున కూర్చుంది.

పొట్లాలు కట్టేటప్పుడు డైటీషియన్ గుప్పెడు గింజలు తీసి అరచేతిలో ఆడించింది. "ముత్యాల్లా ఉన్నాయి. ఎక్కడ తెప్పించారు?"

"అంతా మా కొత్త టీచరే చూసుకుంది," అంది ప్రిన్సిపాల్. "ఒకటో తారీకు నుంచి ఆమె పర్మనెంటు."

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టింది పక్కింటావిడే.

బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు, స్కూలువాళ్లెవరైనా చూస్తారేమోనని అమ్మ పది అడుగులు వెనకే వచ్చింది. తలుపు వేశాక టీచర్ నోరు తెరిచింది.

"పదిమందిలో నా పరువు తీశావు కదమ్మా! కావాలంటే నీకో బస్తా కొనిపెట్టేదాన్ని కాదా? ఆ మిల్లు అలవాటు ఇంకా పోలేదా నీకు?"

"పోలేదే తల్లీ," అంది అమ్మ. "ఉద్యోగం ఖాయమైంది కదా, అది చాలు."

"నిన్ను పక్కింటావిడ అన్నాను." అంది టీచర్. "నువ్వు చేసిన పనికీ సిగ్గుగానే ఉంది, నేనన్న మాటకీ సిగ్గుగానే ఉంది. ఆ మూట ఇలా ఇవ్వు. పిల్లలవి పిల్లలకే, రేపు పొద్దున్నే ఎవరూ చూడకుండా పెట్టేసి వస్తాను."

అమ్మ మూటను వెనక్కి దాచుకుంది. "వద్దులే. నువ్వు విప్పకు."

టీచర్ లాక్కుని ముడి విప్పింది.

రుమాలు నిండా మంచి గింజ ఒక్కటంటే ఒక్కటి లేదు, అన్నీ నల్లబడి పచ్చటి బూజు పట్టినవే.